సీసా మీద ‘2’ అని మాత్రమే ఉంది: ఇంటర్ విద్యాధికారులకు ఒక నర్సు బహిరంగ లేఖ

నల్లగొండ జిల్లాలో ఇంటర్మీడియట్ విద్యను పర్యవేక్షిస్తున్న అధికారులకు, జూనియర్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, రసాయనశాస్త్ర అధ్యాపకులకు నమస్కారం.

నేను ఈ జిల్లాలోనే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సును. మా అమ్మాయికి కళాశాల ప్రయోగశాలలో ఆమ్లం పడి కాలిన సంగతి మీద కళాశాలకు ఉత్తరం రాశాను. జిల్లా కేంద్రంలో సోమవారం అర్జీల వరుసలో రెండుసార్లు నిలబడ్డాను. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను, 30 రోజుల గడువు ఎప్పుడో దాటింది. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను. నేనూ ప్రభుత్వ కొలువులో ఉన్నదాన్నే కాబట్టి మీ పని ఒత్తిడి తెలియనిది కాదు. నేరుగా విషయానికి వస్తాను.

మా అమ్మాయి ఒక జూనియర్ కళాశాలలో బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. నవంబరులో ఒకరోజు కెమిస్ట్రీ ప్రాక్టికల్. పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్, అంటే ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ గాఢత కనుక్కునే ప్రయోగం. దానికి విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం, అంటే నీళ్లలో పలుచన చేసినది, కావాలి. దాన్ని కలిపి సిద్ధంగా పెట్టవలసిన ల్యాబ్ అటెండర్ పోస్టు ఖాళీ. ఉన్నది ఒక్క గెస్ట్ లెక్చరర్. ఆ రోజు రెండు బ్యాచ్‌లను ఒకే గదిలోకి తీసుకున్నారు. ఆయన అవతలి బల్ల దగ్గర ఎవరి బ్యూరెట్టో కారుతుంటే సరిచేస్తూ, “అలమరలో రెండు నార్మల్ ఉంది, సగానికి పలుచన చేసుకోండి” అన్నారు. నార్మల్, మోలార్ అనేవి ద్రావణం గాఢతను చెప్పే రెండు వేర్వేరు కొలతలు.

అలమరలో గోధుమరంగు సీసా ఒకటి ఉంది. దాని మీద అంచులు లేచిపోయిన కాగితం. కాగితం మీద బాల్‌పెన్నుతో ‘సల్ఫ్యూరిక్ – 2’. అంతే. నార్మలా, మోలారా, శాతమా, ఎవరు కలిపారు, ఎప్పుడు కలిపారు, ఏమీ లేదు. పిల్ల బీకరులో 50 మిల్లీలీటర్లు తీసుకుంది. సగానికి పలుచన అంటే అంతే నీళ్లు కలపాలి కదా, 50 మిల్లీలీటర్ల నీళ్లు అందులో పోసింది.

ఆ ‘2’ గాఢత కాదు. స్టాక్‌లో రెండో సీసా అని గుర్తు. లోపలున్నది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. మాకు ఈ సంగతి చెప్పింది ఆ లెక్చరరే, వారం తర్వాత ఇంటికి వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పారు. నా ఫిర్యాదు ఆయన మీద కాదని ఇక్కడే స్పష్టంగా రాస్తున్నాను. ఇద్దరు ముగ్గురు చేయవలసిన పనిని ఒక్కరి నెత్తిన పెట్టిన పద్ధతి మీద నా ఫిర్యాదు.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 36 నార్మల్. అంటే పిల్ల అనుకున్నదానికి 18 రెట్లు. ఆమ్లాన్నే నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు అనే నియమం మా అమ్మాయికి తెలుసు. తన రికార్డు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు కూడా గీసింది. కాని ఆ నియమం గాఢ ఆమ్లానికి. తన చేతిలో ఉన్నది అప్పటికే పలుచన చేసినదని సీసా చెప్పింది. సీసా అబద్ధం చెబితే నియమం తెలిసీ ఏం లాభం? కాగిన నూనె మూకుట్లో నీళ్లు పడితే ఎలా చిమ్ముతాయో ఆ బీకరు అలా చిమ్మింది.

మా వీధిలో ఉండే రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ గారు ఒక మాట అన్నారు. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1.84 కిలోలు తూగుతుంది. ఏళ్ల తరబడి ఆ సీసాలు దించి పెట్టిన చెయ్యి, ఎత్తగానే బరువును బట్టి అనుమానిస్తుంది. నూనెలా జారే తీరు చూసి కన్ను ఆగుతుంది. అటెండర్ అంటే తలుపులు తీసే మనిషి అనుకుంటారు కాని ఆ చెయ్యీ ఆ కన్నూ ఆయనవే. పదిహేడేళ్ల పిల్లకు అవి ఎక్కడి నుంచి వస్తాయి?

తర్వాత జరిగింది ఇంకా బాధ. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. పైన ట్యాంకు నింపలేదు. తోటి పిల్లలు తమ సంచుల్లోని తాగే నీళ్ల సీసాలు తెచ్చి పోశారు. ఒకరు బకెట్ పట్టుకుని బోరు దగ్గరకు పరుగెత్తారు. ఎవరో తినే సోడా ముద్ద చేసి పూయబోతే ఒక అమ్మాయి అడ్డుపడింది, ఆ తల్లికి దండం పెట్టాలి. ఆమ్లం పడిన ఒంటికి మొదట కావలసింది ధారగా పారే నీళ్లు, కనీసం 20 నిమిషాలు. దొరికింది నాలుగు సీసాలు, ఆ తర్వాత ఒక బకెట్. ఎడమ మణికట్టు, గడ్డం కింద కాలింది. కంటికి రెండు వేళ్ల దూరంలో ఆగింది. కళ్లద్దాలు లేవు.

ఆ రోజు వేసుకున్న నూలు చున్నీ చూడటానికి బాగానే ఉంది. మర్నాడు నీళ్లలో ముంచి పిండితే నా వేళ్ల మధ్యే జల్లెడైపోయింది. దాన్ని దాచాను, కావాలంటే చూపిస్తాను.

నా ఉత్తరానికి వచ్చిన జవాబు ఇది: “విద్యార్థిని అజాగ్రత్త వల్ల జరిగిన స్వల్ప సంఘటన. ఇకపై జాగ్రత్తగా ఉండవలసిందిగా విద్యార్థులకు సూచించడమైనది.” ఒకటిన్నర లైను.

అయ్యా, మా ఆసుపత్రిలో డాక్టరు గారు హడావుడిలో చీటీ మీద ఉత్త ‘5’ అని రాస్తే నేను మందు ఇవ్వను. ఐదు మిల్లీగ్రాములా, ఐదు మిల్లీలీటర్లా అని వెనక్కి వెళ్లి అడుగుతాను. ఆయన విసుక్కున్నా సరే. ప్రమాణం లేని అంకెకు మా దగ్గర విలువ లేదు. మీ ప్రయోగశాలలో ప్రమాణం లేని అంకె ఉన్న సీసా ఎన్నేళ్లు అలమరలో ఉందో ఎవరికీ తెలియదు. నేను అజాగ్రత్త అనేది దాన్ని.

ఇది ఒక పిల్ల మణికట్టుతో అయిపోయే విషయం కాదు. ప్రమాణాలు మార్చడం రాకపోతే, అసలు ప్రమాణం అడిగే అలవాటే లేకపోతే ఎవరు నష్టపోతారో నేను రోజూ చూస్తున్నాను.

1. ఇన్సులిన్. మన దగ్గర బుడ్డీల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నులో వేసే కార్ట్రిడ్జిలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత. పోయిన వేసవిలో ఒక పెద్దాయనను ఆటోలో తెచ్చారు. ఒళ్లంతా చెమట, చేతులు మంచుగడ్డలు, మాట తడబడుతోంది. రక్తంలో చక్కెర చూస్తే డెసిలీటరుకు 42 మిల్లీగ్రాములే, బాగా పడిపోయింది. హైదరాబాదులో ఉండే కొడుకు కార్ట్రిడ్జిలు పంపాడట, పెన్ను పాడైంది. ఇంట్లో ఎర్ర మూత సిరంజి ఉంది కదా అని మనవడు దానితోనే లాగి 20 గీత దాకా ఎక్కించాడు. 20 గీత అంటే అర మిల్లీలీటరు. ఆ మందులో అర మిల్లీలీటరు అంటే 20 కాదు, 50 యూనిట్లు. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాం, బతికాడు. ఆ మనవడు ఇంటర్ ఎంపీసీ. లెక్కల్లో మంచి మార్కులు వస్తాయని వాళ్ల నాయనమ్మే చెప్పింది. నేను వాణ్ని తిట్టలేదు. కాగితం ఇచ్చి, “మిల్లీలీటరుకు 100 అయితే అర మిల్లీలీటరుకు ఎంత?” అని అడిగాను. క్షణంలో చెప్పాడు. ఆ ప్రశ్న సిరంజి పట్టుకున్నప్పుడు అడగాలని వాడికి ఎవరూ నేర్పలేదు, అంతే.

2. పసిపిల్లల జ్వరం మందు. పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి దొరుకుతాయి. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. “పోయినసారి ఒక చెంచా వేశాం, ఈసారీ ఒక చెంచా వేశాం” అంటారు తల్లులు. సీసా మారిందని చూడరు. చెంచా కూడా ఏ చెంచానో.

3. పత్తి చేను. దేవరకొండ, మునుగోడు వైపు పత్తి మీద పురుగుమందు కొట్టే కాలంలో మా వార్డు ఎలా ఉంటుందో వచ్చి చూడండి. డబ్బా మీద ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో ఉంటుంది. దుకాణదారు లీటరు నీటికి రెండు అంటాడు. వీపు మీది పంపు 16 లీటర్లు పడుతుంది. కొలత మాత్రం డబ్బా మూత. లీటరుకు రెండు చొప్పున పంపుకు 32 మిల్లీలీటర్లు కావాలి, ఆ మూత ఎంత పడుతుందో ఎవరూ కొలవరు. పురుగు చావలేదని మరో మూత. సాయంత్రానికి నోట నురుగుతో మంచం ఎక్కిస్తారు. మేము ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఆంప్యూళ్లు విరుస్తూ కూర్చుంటాం, ఒక్కోదానిలో 0.6 మిల్లీగ్రాములు. ఎన్ని విరిచామో, మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు వెళ్లిందో ప్రతి నిమిషం లెక్క పెట్టుకుంటూనే.

4. తాగే నీళ్లు. ఫ్లోరైడు గురించి ఈ జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు వంగిన కాళ్లను, బిగుసుకుపోయిన వెన్నులను చూస్తూ పెరిగాం. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు. పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అని రాసినా ఇక్కడ అదే అంకె. వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒకటిన్నర గ్రాములు, ఓ చిటికెడు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తయారుచేస్తే, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన ఊరి పేరే స్థిరపడింది. ఇతర దేశాల వాళ్లు కూడా ఆ పేరుతోనే చదువుకుంటారు. పటిక తక్కువైతే ఫ్లోరైడు మిగులుతుంది, ఎక్కువైతే అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు అన్న లెక్క మీదే ఆ పద్ధతంతా నడుస్తుంది. ఆ పేరు మోస్తున్న జిల్లాలో పిల్లల ప్రయోగశాలలోని సీసాకు ప్రమాణం లేదు.

5. జీతం తెచ్చుకునే పని. చౌటుప్పల్, జడ్చర్ల వైపు మందుల కంపెనీలు ఉన్నాయి. నల్లగొండ, పాలమూరు పిల్లలు డిగ్రీ అయ్యాక ఆ ల్యాబుల్లో చేరుతున్నారు. అక్కడ బీకరు కాదు, రసాయనాలు కలిపే వేల లీటర్ల రియాక్టరు ఉంటుంది, అంకె తప్పితే నష్టమూ అంత పెద్దదే.

మన జనానికి లెక్క రాదని నేను అనడం లేదు. హోటల్లో టీ తాగుతూ మాట్లాడుకునే రైతును అడగండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు అని నోటితోనే చెప్పేస్తాడు. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పటి తులం 10 గ్రాములని మా అత్తగారికి తెలుసు, బంగారం కొట్టులో ఆమెను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. భూమి దగ్గరా బంగారం దగ్గరా ‘ఏ కొలతలో?’ అని అడగకుండా మనం రూపాయి తీయం. ఆమ్లం దగ్గర, మందు దగ్గర మాత్రం అడగం. ఆ అలవాటు నేర్పగల చోటు ప్రయోగశాలే, ఎందుకంటే అక్కడ అంకె తప్పితే కళ్ల ముందే రంగు మారుతుంది.

పాఠం దగ్గరే ఒక చిక్కు ఉందని మా వీధి రిటైర్డ్ లెక్చరర్ గారు అన్నారు. పాఠంలో ఎక్కువగా మోలారిటీ, అలమరలో సీసాల మీద నార్మాలిటీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి రెండూ ఒకటే కాబట్టి పిల్లలు తేడా లేదనుకుంటారు. సల్ఫ్యూరిక్ దగ్గరకు వచ్చేసరికి నార్మాలిటీ రెట్టింపు. అర లీటరు 2 నార్మల్ ద్రావణానికి గాఢ ఆమ్లం సుమారు 28 మిల్లీలీటర్లు చాలు. అదే 2 మోలార్ అయితే సుమారు 56. ‘2’ పక్కన ఒక్క అక్షరం లేకపోతే చేతిలోకి వచ్చే ఆమ్లం రెట్టింపవుతుంది. మా పిల్ల విషయంలో అది రెట్టింపుతో కూడా ఆగలేదు.

ఇక నేను అడుగుతున్నవి. ఇవి దయ చూపమని కాదు.

1. పేరు, గాఢత, ప్రమాణం, కలిపిన తేదీ, కలిపినవారి సంతకం, ఈ ఐదూ లేని సీసా ఏ ప్రయోగశాలలోనూ ఉండకూడదు. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాయాలి. స్టాక్ వరుస సంఖ్య వేయవలసి వస్తే సీసా అడుగున వేయండి, ముఖం మీద కాదు. దీనికి బడ్జెట్ కావాలని దయచేసి రాయకండి. ఒక కట్ట స్టిక్కర్లు, ఒక చెరగని పెన్ను చాలు. కావాలంటే నేను కొనిస్తాను.

2. గాఢ ఆమ్లాలు తాళం వేసిన అలమరలో, కింది అరలో ఉండాలి. విద్యార్థుల బల్ల మీదకు విలీన ఆమ్లమే రావాలి, దాన్ని సిబ్బందే కలపాలి. ఇది నా కోరిక మాత్రమే కాదు. యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో ఇచ్చిన ఆదేశాల్లో విద్యాసంస్థల ప్రస్తావన ఉంది. ఆమ్లం నిల్వ ఉంచే విద్యాసంస్థ వాడకం రిజిస్టరు పెట్టాలి, దాన్ని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన ఆర్డీవో గారికి, సమర్పించాలి, భద్రతకు ఒక మనిషిని బాధ్యుణ్ని చేయాలి. నా దరఖాస్తులో అడిగింది ఆ రిజిస్టరు నకలే. ఉంటే చూపించండి. లేకపోతే లేదని రాసివ్వండి.

3. ప్రాక్టికల్ మొదలయ్యే ముందు ఎవరో ఒకరు కుళాయి తిప్పి చూడాలి. నీళ్లు రాకపోతే ఆ రోజు ప్రాక్టికల్ లేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

4. ప్రతి విద్యార్థికి రక్షణ కళ్లద్దాలు, ఏప్రాన్, ద్రావణం కొలిచి తీసే గాజు గొట్టానికి (పిపెట్‌కు) రబ్బరు బల్బు. నోటితో పీల్చడం ఇప్పటికీ నడుస్తోందని పిల్లలే చెబుతున్నారు. నోట్లోకి పోయిన ద్రావణం రుచి ఎలా ఉందో పోల్చుకుని నవ్వుకుంటున్నారు కూడా.

5. లవణ విశ్లేషణ, అంటే ఇచ్చిన లవణం ఏమిటో గుర్తించే ప్రయోగం, చేసే గదిలో గాలి బయటకు లాగే ఫ్యాను పనిచేయాలి. అక్కడ వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుందని పాఠంలో ఉంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుందన్నది కూడా పిల్లలకు చెప్పాలి.

6. అటెండర్ పోస్టులు నింపండి. నింపేదాకా ఒక అధ్యాపకుడికి ఒకే బ్యాచ్.

7. మొదటి సంవత్సరం తొలి నెలలోనే ప్రమాణాల మార్పిడికి ప్రత్యేకంగా కొన్ని పీరియడ్లు ఇవ్వండి. మందు సీసా, సిరంజి, పురుగుమందు డబ్బా బల్ల మీద పెట్టి నేర్పండి. పిలిస్తే నేను వస్తాను, ఖాళీ సిరంజిలు రెండు రంగులవీ తెస్తాను. ప్రాక్టికల్ పరీక్షలో కెమిస్ట్రీకి 30 మార్కులు. జవాబులో ప్రమాణం రాయకపోతే మార్కు తగ్గాలి, రాయకపోయినా ‘ఫర్వాలేదు’ అనే ఔదార్యం మానుకోండి.

8. ప్రతి కళాశాలలో ప్రమాదాల రిజిస్టరు పెట్టండి. కళాశాల జవాబులో మా అమ్మాయి మీద రాసిన ‘అజాగ్రత్త’ అనే మాట కొట్టేసి, ఆ రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాయండి: సీసాకు సరైన లేబుల్ లేదు, కుళాయిలో నీళ్లు లేవు, కళ్లద్దాలు ఇవ్వలేదు. నకలు నాకు పంపండి.

నష్టపరిహారం అడగలేదేమని బంధువులు అంటున్నారు. మందులు నా ఇంట్లోనే ఉన్నాయి, కట్టు నేనే కట్టాను. మచ్చ ఉండిపోతుందని తనకు తెలుసు, గడియారం ఎడమ చేతికి పెట్టుకుని దాస్తోంది. డబ్బు గురించి తర్వాత చూద్దాం.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్షలు. మా అమ్మాయి అదే గదికి వెళ్లాలి, తనతోపాటు మరో వంద మంది దాకా వెళతారు. ఆ గోధుమరంగు సీసా అదే అరలో, అదే కాగితంతో ఉందని మొన్న శనివారం తన స్నేహితురాలు చెప్పింది. కాగితం ఇంకొంచెం ఊడిందట. మిగిలినవాటికి కమిటీ వేస్తారో, నివేదిక రాయిస్తారో మీ ఇష్టం. ఆ సీసాను మాత్రం ఈ లేఖ చదివిన రోజే అక్కడి నుంచి తీయించండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, నల్లగొండ జిల్లా
(నా పేరు, చిరునామా మీ దగ్గర ఉన్న రెండు అర్జీల మీదా ఉన్నాయి.)